ఇరవై అడుగుల హనుమాండ్లు

పేరు విని ఏ గుట్ట మీదో నిలబెట్టిన విగ్రహం అనుకునేరు. మనిషి అయిదడుగుల మూడంగుళాలే. ఆ ఇరవై అడుగులు ఆయనకూ ఎదుటివాడికీ మధ్య ఉండే దూరం. ఎవరితోనైనా మాట తేడా వస్తే హనుమాండ్లు ఇరవై అడుగులు వెనక్కి పోయి అక్కణ్ణుంచి మాట్లాడతాడు. ఎవరి దగ్గరికైనా రావలసి వస్తే ఇరవై అడుగుల ముందే రెండు చేతులూ పైకెత్తి, "మనిషినే! మనిషినే వస్తున్న!" అని అరుస్తాడు. మనుషులమని చెప్పుకోకుండానే చెలామణీ అయ్యేవాళ్లను చాలామందిని చూశాను గానీ, చెప్పుకుంటే తప్ప జనం నమ్మరని భయపడేవాణ్ణి ఈయన్ని ఒక్కణ్ణే చూశాను.

మైత్రీవనం వెనక సందులో నాకు కర్రీ పాయింట్ ఉంది. దాని పైన రెండో అంతస్తులో హనుమాండ్లు, ఆయన భార్య చిలకమ్మ. ఒకరోజు పొద్దున్నే మా అపార్ట్‌మెంటు గేటుకు అడ్డంగా ఒక నల్ల కారు ఆగింది. అద్దాలూ నలుపే. అందులోంచి దిగినవాడి చేతికున్న కడియం నా పప్పు గిన్నె మూతంత ఉంది. లోపల స్కూలు ఆటో, ఆటోలో పిల్లలు, పిల్లలకు పరీక్ష. నేను సాంబారు గిన్నె దించి యుద్ధానికి సిద్ధమయ్యేలోగా సందు మొగలో కేక వినిపించింది.

"నమస్తే అన్నా! మనిషినే! చేతులు ఖాళీ!"

"ఏందిరా?" అన్నాడు కడియం.

"ఏం లేదన్నా. బండి జర పక్కకు పెడితే ఆటో పోతది."

"తియ్య. ఏం చేస్తవ్?"

"నేనేం చేస్త అన్నా, మీరు పెద్దోళ్లు," అంటూ జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి కారు నంబరు రాసుకున్నాడు.

"ఏం రాస్తున్నవ్ బే? దగ్గరికి రా!"

"ఇక్కడికే మంచిగ ఇనవడుతుందన్నా."

కడియం పది అడుగులు ముందుకు వేశాడు. హనుమాండ్లు పది అడుగులు వెనక్కి వేశాడు. వీపు చూపించలేదు, పరుగెత్తలేదు, చేతులు దించలేదు. "అమ్మ బాగున్నదా అన్నా? మీ మొహం ఎర్రగయింది, జర బీపీ చూపించుకోవాలె," అని మర్యాద చేస్తూనే ఉన్నాడు. వాడు ముందుకు, ఈయన వెనక్కి. జిరాక్సు షాపు దాటారు, చెరుకురసం బండి దాటారు, నాలుగు హాస్టళ్లు దాటారు. కోచింగ్ పిల్లలు షూటింగ్ అనుకుని ఫోన్లు తీశారు. అలా వెనక్కి వెనక్కి నడిచి కడియాన్ని మైత్రీవనం చౌరస్తా దాకా తీసుకుపోయాడు. అక్కడ ట్రాఫిక్ పోలీసు కనబడేసరికి వాడు నాలుక్కరుచుకుని వెనక్కి వచ్చాడు. వచ్చి చూస్తే గేటు దగ్గర కారు లేదు. అడ్డంగా ఆపిన బండ్లను ఎత్తుకుపోయే క్రేను రోజూ ఆ వేళకే మా సందుకు వస్తుంది, వచ్చి ఎత్తుకుపోయింది. ఆటో ఎప్పుడో వెళ్లిపోయింది.

అదే నేనైతే ఆ కారు మీద సాంబారు పోసేదాన్ని. కారు అక్కడే ఉండేది, సాంబారు పోయేది.

ఈ అరుపు తగాదాలకే అనుకుంటే పొరపాటు. లిఫ్టు తలుపు తెరుచుకోకముందే లోపలి నుంచి "మనిషినే!" అని వినిపిస్తుంది. కొత్తగా దిగిన హాస్టల్ పిల్లలు ఎవరో ఇరుక్కుపోయారనుకుని మూడుసార్లు మెకానిక్‌కు ఫోన్ చేశారు. గుడిలో దర్శనం వరుసలో తన వంతు వచ్చినప్పుడు దేవుడి ముందు కూడా చేతులెత్తి "మనిషినే!" అన్నాడట. "తెలుస్తూనే ఉంది, నడువు నాయనా," అన్నాడట పూజారి.

చిలకమ్మ గోడు మరీ అన్యాయం. "ఇల్లంత రెండు గదులక్కా. వంటింట్లకొచ్చేటప్పుడు సుత అరుస్తడు. నువ్వు మనిషివని నాకు తెల్వదా అంటే, తెలిస్తే మంచిదే, యాది చేస్తున్న అంటడు. చేతుల గిన్నె ఎన్నిసార్లు కింద పడ్డదో!"

హనుమాండ్లు ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపాడు. రిటైరయ్యాక హారన్ కొట్టే చెయ్యి ఖాళీ అయిపోయి నోటితో కొడుతున్నాడని సందు మొత్తం కలిసి తీర్పు చెప్పింది. అందరూ నమ్మారు. నేను నమ్మలేదు. డ్రైవరు హారన్ కొట్టేది తప్పుకోమని. ఈయన అరిచేది తనను చూడమని. తనను చూడమని అంతగా అరిచేవాడు ఇంకేదో చూడకుండా దాస్తున్నాడన్నమాట. నేను చదివింది మూడో తరగతే. అయినా ఎవడు దొంగో చెప్పడానికి నాలుగో తరగతి అక్కర్లేదు.

నా దగ్గర సాక్ష్యాలున్నాయి. మొదటిది చెవి. ఆయన కుడిచెవి పైభాగం ఎవరో కొరుక్కు తిన్న అప్పడంలా ఉంటుంది. "చెవికేమైందండీ?" అని నేనడిగితే కుక్క కరిచిందన్నాడు. చిలకమ్మతో కటింగ్ షాపులో కత్తెర తగిలిందన్నాడు. వాచ్‌మన్‌తో బస్సు అద్దం పగిలి గుచ్చుకుందన్నాడు. ఒక్క చెవికి మూడు కథలు! నిజం చెప్పేవాడికి ఒక్క కథ చాలు.

రెండో సాక్ష్యం ఆదివారం. వికారాబాద్ వైపు ఎక్కడో ఆయనకు నాలుగెకరాల సీతాఫలం తోట ఉంది. ప్రతి ఆదివారం పొద్దున తన పాత మారుతిలో పోతాడు, సాయంత్రం వస్తాడు. పోయేటప్పుడు సంచి ఖాళీ, వచ్చేటప్పుడు నిండుగా. "సీతాఫలాలా?" అంటే "కాదక్కా, చెత్త," అంటాడు. ఊరి నుంచి చెత్త మోసుకొచ్చి అమీర్‌పేటలో పడేసేవాణ్ణి ఎక్కడైనా చూశామా? మేమే ఇక్కడి చెత్త ఎక్కడ పడేయాలో తెలియక చస్తున్నాం.

మూడోది ఈక. ఒక ఆదివారం ఆ సంచి నుంచి ఒక ఈక నా కొట్టు మెట్టు మీద రాలింది. కోడి ఈక కాదు. ఇన్నేళ్లుగా కోడికూర వండుతున్నదాన్ని, నాకు తెలియదా? గోధుమరంగు మీద సన్నసన్న చారలు. కౌజుపిట్టది. అప్పుడు అర్థమైంది నాకు. అడవి మాంసం! పోయి వేటాడుకొస్తున్నాడు, పెద్ద హోటళ్లకు దొంగచాటుగా వేస్తున్నాడు. అందుకే ఆ చేతులెత్తడం, ఆ మర్యాద, ఆ "చేతులు ఖాళీ"! ఖాళీ చేతులవాడు ఖాళీ అని చెప్పుకోడు.

పైగా ప్రతి ఆదివారం సాయంత్రం ఆరింటికి ఎవడో రాకేశ్‌కు ఫోన్ చేస్తాడని చిలకమ్మే నోరు జారింది. ఎవరంటే చెప్పడట. అదుగో, వాడే సరుకు కొనేవాడు.

ఆ వారమే అడిగేశాను. "హనుమాండ్లు గారూ, ఈ ఆదివారం నేనూ వస్తాను. చెట్టుమీద సీతాఫలం ఎలా ఉంటుందో చూడాలని ఉంది."

"మీ గుంటూరు దిక్కు ఉండయా అక్కా?"

"ఉంటాయి. అప్పుడు తీరిక లేదు."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. దొంగ ఆలోచన. చివరికి అడిగాడు: "ఏ రంగు చీర కట్టుకుంటరు?"

నా డెబ్బై ఏళ్ల బతుకులో పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ అడగని ప్రశ్న!

"ఎందుకూ?"

"మట్టి రంగుది వద్దు, ఆకు రంగుది వద్దు. నిమ్మపండు పసుపుది ఉంటే మంచిగుంటది. దూరం నుంచి కండ్లల్ల గుచ్చుకోవాలె."

కట్టుకున్నాను. ఆయన నారింజ చొక్కా, నారింజ టోపీ. ఇద్దరం ఆ పాత కారులో కూర్చుంటే అమ్మవారి ఊరేగింపులా ఉన్నాం. దారిలో ఒకచోట ఆపి ఫోన్ చేశాడు. "రాకేశ్, తోటలకు పోతున్నం. ఇయ్యాల ఇద్దరం. ఆరింటికి చేస్త." నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించాను. చెవులు మాత్రం లోపలే ఉంచాను.

తోట చుట్టూ హద్దురాళ్లకు సున్నం కొట్టి ఉంది. రాయి రాయికీ ఒక రేకు పలక. కూడబలుక్కుని చదివాను. "ఇది సొంత భూమి. వేట బంద్. దయచేసి. ఇట్లు, హనుమాండ్లు, మనిషి." లోకంలో ఎంతోమంది పేరు పక్కన ఏవేవో డిగ్రీలు పెట్టుకుంటారు. ఇది మాత్రం కొత్త డిగ్రీ.

కారు మూతి రోడ్డు వైపు తిప్పి ఆపాడు. "అక్కా, మీరు కారు దగ్గరనే ఉండాలె. తాళంచెవి దాంట్లనే ఉన్నది."

"నాకు కారు నడపడం రాదు."

"హారన్ కొట్టొస్తది కదా."

ఆ మాట అని చేతులెత్తి తోటలోకి నడిచాడు. "మనిషినే! ఓ అన్నలూ, మనిషినే వస్తున్న!" పొదపొదకూ అరుపు, చెట్టుచెట్టుకూ అరుపు. ఒక్క పురుగైనా లేని చోట ఎవరికి చెబుతున్నాడు ఈయన అనుకుంటున్నానో లేదో, బండరాయి వెనక నుంచి ముగ్గురు మనుషులు లేచారు. ఇద్దరి చేతుల్లో తుపాకులు. అవతల చెట్ల కింద జీపు.

నేను కారులోకి చెయ్యి పెట్టి హారన్ వెతుక్కున్నాను. హనుమాండ్లు మాత్రం ఇరవై అడుగుల దగ్గర ఆగాడు. సగం మనిషి ఇంకో బండ చాటున, సగం బయట.

"నమస్తే అన్నా! ఎండల వచ్చిన్రు, నీళ్లున్నయా? బిందె గా చెట్టు కింద ఉన్నది."

"ఏయ్ ముసలోడా, ఎందుకొర్లుతున్నవ్? ఉన్న పిట్టలన్నీ లేచిపోయినయ్!"

"గొంతు గట్లనే అన్నా, పుట్టుక. ఈ తెల్లరాళ్ల లోపట సొంత జాగ. మీకు తెల్వక వచ్చిన్రు, తెలిస్తే రాకపోదురు."

"పోం. ఏం చేస్తవ్?"

"మీరు పోకపోతే నేనే పోతానన్నా," అని నిజంగానే వెనక్కి వెనక్కి నడుచుకుంటూ కారు దగ్గరికి వచ్చేశాడు!

నాకు ఒళ్లు మండింది. "మీ భూమి, మీ చెట్లు! వాళ్లకు నీళ్లిచ్చి మీరు వెళ్లిపోవడమేంటండీ? తప్పుకోండి, నాలుగు మాటలు నేనడుగుతాను."

ఆయన నా పసుపు కొంగు పట్టుకోలేదు గానీ దారికి అడ్డం నిలబడ్డాడు. "తుపాకి పట్టుకున్నోని ముంగట మాట గెలిచి ఏం చేస్తమక్కా? మనం పోయినంక గెలిచిన సంగతి ఎవలకు చెప్తం?"

కారులో కూర్చుని, వెనక్కి వస్తూ రాసుకున్న జీపు నంబరు నోటుబుక్కులోంచి చదివి, తనకు తెలిసిన అటవీశాఖ ఆయనకు ఫోన్లో చెప్పాడు. ఎంతమంది, ఎన్ని తుపాకులు, ఏ దారి. వేట ఎవరి భూమిలోనైనా నేరమేనట, సొంతదారు రమ్మన్నా నేరమేనట. అరగంటకు పిట్ట దొరక్క ముగ్గురూ తిట్టుకుంటూ జీపెక్కారు. రోడ్డు మలుపులో అటవీశాఖ బండి వాళ్ల కోసం కాసుకుని ఉంది. "చూద్దాం పదండి," అన్నాను. "మనం చూస్తే వాళ్లు మనల్ని చూస్తరు. వద్దక్కా," అన్నాడు. సినిమా క్లైమాక్సులో కరెంటు తీసేసినట్టయింది నాకు.

తర్వాత కర్ర పట్టుకుని, అరుచుకుంటూనే, పొదల కింద వెతికాడు. సన్న తీగతో చేసిన ఉచ్చులు, చిరిగిన వల ముక్కలు. ఒక్కొక్కటీ విప్పి సంచిలో వేశాడు. ఒక ఉచ్చులో కౌజుపిట్ట కాలు చిక్కుకుని గింజుకుంటోంది. దాని మీద తువ్వాలు కప్పి, తీగ విప్పి వదిలేశాడు. అది నాలుగు ఈకలు ఆయన చేతిలో వదిలి తుర్రుమంది.

సంచిలో చెత్త అంటే నిజంగా చెత్తే. నా కేసు మూడొంతులు కొట్టుకుపోయింది. అనుమానం పోతే ఆకలి చచ్చినట్టుంటుందని మీకు తెలుసో తెలియదో. కానీ చెవి మిగిలింది. ఆరింటికి ఆయన ఫోన్ తీసి, "రాకేశ్, బయటికొచ్చినం. ఇద్దరం మంచిగున్నం," అన్నాడు. రాకేశ్ కూడా మిగిలాడు. నాకు మళ్లీ ఆకలి వేసింది.

మర్నాడు హనుమాండ్లు లిఫ్టులోంచి దిగాడు. చప్పుడు లేదు. ఎదురొస్తున్న కొరియర్ అబ్బాయి ఆయన్ని గుద్దుకుని పార్సిళ్లతో సహా పడ్డాడు. హనుమాండ్లు నోరు తెరిచాడు గానీ గాలి వచ్చింది, మాట రాలేదు.

చిలకమ్మ, నేను కలిసి పంజాగుట్టలో గొంతు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. డాక్టరు గొంతులో కెమెరా పెట్టి చూసి, స్వరపేటిక మీద కాయలు కాశాయన్నాడు. "గొంతుతో పనిచేసేవాళ్లకు వస్తాయి. ఏం చేస్తుంటారు? పాడతారా? పాఠాలు చెబుతారా?"

"మనిషినని చెప్తడు సార్," అంది చిలకమ్మ.

డాక్టరు అదేం వృత్తో అడగలేదు. మూడు నెలలు అరవకూడదు, నెల రోజులు అసలు మాటే వద్దు, గుసగుసలు కూడా వద్దు, కాదంటే ఉన్న గొంతూ పోతుందని రాసిచ్చాడు.

ఇక మా సందు పాట్లు చూడాలి. పదేళ్లుగా అరుపు విని తప్పుకోవడానికి అలవాటుపడ్డ జనం, అరుపు లేని హనుమాండ్లును అడుగడుగునా గుద్దుకుంటున్నారు. ఆయన ఊరుకోక, కూరగాయల బండివాళ్లు వాడే చిన్న మైకు ఒకటి ఎవరి దగ్గరో పాతది తెచ్చుకుని అందులో చిలకమ్మ చేత "మనిషే వస్తుండు" అని రికార్డు చేయించాడు. గేటు దగ్గర మీట నొక్కితే, "పాత కూలర్లు, పాత ఫ్యాన్లు, విరిగిన కుర్చీలు కొంటాం!" అని మోగింది. పాత మాట చెరగలేదు. మూడో అంతస్తు వాళ్లు కూలర్ కిందికి దించేశారు. మళ్లీ పైకి ఎక్కించేదాకా ఆయన్ని వదల్లేదు.

ఇదంతా నవ్వులాటే. నవ్వు ఆగింది చిలకమ్మ వచ్చి చెప్పిన మాటతో. "ఆదివారం తోటకు పోతడటక్కా. గొంతు లేకుంట! కాయలు పండే దినాలు, పిట్టలొస్తయి, పిట్టల కోసం వాళ్లొస్తరు, ఉచ్చులు తియ్యాలె అని రాసి చూపెడుతుండు. పొదల్ల చప్పుడైతే పంది అనుకొని కొడ్తరు కదా! గంట కట్టుకో అన్న. గంట కడితే ఎద్దు అనుకుంటరట. ఈల వెయ్యి అన్న. ఈల వేస్తే పిట్ట అనుకుంటరట. మనిషి అని మనిషి గొంతే చెప్పాలెనట." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఏం జెయ్యాలె నేను?"

నాకూ ఏమీ తోచలేదు. నాకు తోచకపోవడం అరుదు.

అదే రోజు మధ్యాహ్నం కొట్టుకు జావా సారు వచ్చాడు. మైత్రీవనంలో పిల్లలకు ఏదో జావా చెబుతాడు, తాగేది కాదు. ఆరేళ్లుగా నా దగ్గర పప్పు, బెండకాయ వేపుడు పట్టుకుపోతున్నాడు. ఆయన పేరు నేనెప్పుడూ అడగలేదు, వేపుడు వేస్తే చాలనుకున్నాను. ఆ రోజు వేపుడు అడగలేదు.

"అమ్మా, హనుమాండ్లు అన్న ఆదివారం పోతాడట. మీరన్నా ఆపండి. నేను చెప్తే ఇంటలేడు."

గరిటె కింద పెట్టాను. "నీ పేరేంటి బాబూ?"

"రాకేశ్."

"ఆహా! దొరికావు. సరుకు కొనేది నువ్వేనా? ఆరింటికి ఫోన్ ఎత్తేది నువ్వేనా? ఆ చెవి సంగతేంటి? కుక్కా, కత్తెరా, అద్దమా?"

ఆయన మొహం పాలిపోయింది. "నేనే అమ్మా," అన్నాడు.

కుర్చీ వేశాను. నిలబెట్టి అడిగే మొహం కాదది.

పదేళ్ల కిందట రాకేశ్ దోస్తులతో కలిసి ఆ తోటలో దొంగవేటకు పోయాడట. తుపాకి పట్టుకోవడం అదే మొదటిసారి, అదీ దోస్తుది. పొద కదిలింది. ఎవడో "పందిరా!" అన్నాడు. ఈయన పేల్చాడు. పొదలో ఉన్నది హనుమాండ్లు. జీపు నంబరు దొంగచాటుగా రాసుకుందామని చప్పుడు కాకుండా పాక్కుంటూ వస్తున్నాడు. చెవి చిరిగింది. దోస్తులు చెట్లకడ్డంపడి పారిపోయారు.

"నాకు కాళ్లు పడిపోయినయమ్మా. రక్తం చూసి కక్కుకున్నా. అన్ననే చెవికి తువ్వాలు చుట్టుకుని, నన్ను లేపి మా జీపులోనే పండబెట్టి, ప్రతి మలుపులో హారన్ కొట్టుకుంటూ దవాఖానకు తెచ్చిండు. పేషెంట్ ఎవరని నర్సు అడిగితే నన్ను చూపించిండు! ముందు ఇతనికి నీళ్లియ్యండి, భయపడ్డడు అన్నడు."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

"తర్వాత నేనే పోలీసులకు తుపాకి ఇచ్చేసి వేట కేసు ఒప్పుకున్నా. చెవి గురించి మాత్రం అన్న ఎవరికీ చెప్పలే. తప్పు నాది సుత ఉన్నది, దొంగలెక్క పాక్కుంట వచ్చిన, మనిషి లెక్క వస్తే నువ్వు కొట్టకపోదువు అన్నడు. అప్పటి నుంచే ఆ అరుపు. ఈ సంగతి ఇంటే ఎవరైనా ప్రాణభయం అనుకుంటరు. కాదమ్మా. నాకు తగిలితే నేను ఒక్కపాలి పోత, కొట్టినోడు బతికినన్ని దినాలు పోతడు అన్నడు. ఆ రోజు నీ మొహం చూసిన, ఇంకెవ్వనికి ఆ మొహం రావద్దు అన్నడు."

"మరి ఊళ్లో అరుపెందుకయ్యా? లిఫ్టులో ఎవరు కాలుస్తారు?"

"ఇక్కడ మానేస్తే అక్కడ యాది మర్చిపోతడట."

పదేళ్లుగా నేను అనుమానించిన అరుపు అది. తుపాకి గొట్టం ముందు నిలబడి, దాని వెనక ఉన్నవాడి మీద జాలిపడే అరుపు. నాకు కాస్త సిగ్గేసింది. ఎక్కువసేపు కాదు.

"అంత ప్రేమ ఉన్నవాడివి, ఆదివారం నువ్వే పోయి ఆయన తరఫున అరవచ్చుగా?"

"అడిగిన. నీ గొంతు క్లాసులో వెనక బెంచీకే పోదు, పోయి ఆరింటికి ఫోన్ దగ్గర కూసో అని రాసిచ్చిండు." ఆయన జేబులోంచి ఆ కాగితం తీసి చూపించాడు. భద్రంగా మడత పెట్టుకున్నాడు పిచ్చి సారు.

ఆ సాయంత్రం కూర తిరగమోత వేస్తూ తల ఎత్తితే ఎదురుగా సందు అవతల, చెరుకురసం బండి దగ్గర, ఇరవై అడుగుల కొలతకు సరిగ్గా హనుమాండ్లు నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ పైకి. ఒక చేతిలో నోటుబుక్కు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో, అరవలేక, నేను చూసేదాకా. కొంచెం ఆలస్యమైతే చేతులు పీకేసి ఉండేవి.

"రండి, రండి. మనిషేనని తెలుసు," అన్నాను.

వచ్చి నోటుబుక్కు తెరిచి పెట్టాడు. ఒకవైపు జీపుల నంబర్లు. ఇంకోవైపు పెద్ద అక్షరాలు, నా కోసమే పెద్దవి రాసినట్టున్నాడు. ఆ మర్యాద నాకు నచ్చలేదు, చదవడానికి మాత్రం సులువుగా ఉంది. మొదటి పేజీలో: "అక్కా, మనిషినే."

పేజీ తిప్పాడు. "ఆదివారం పూట మీ గొంతు కావాలె."

"నా గొంతా? నా గొంతుకేం తక్కువైందని తోటల వెంట తిప్పుతానండీ? డెబ్బై ఏళ్ల ఆడదాన్ని తుపాకుల ముందుకు రమ్మంటారా?"

ఆయన గబగబా రాశాడు. "ముందుకు వద్దు. కారు దగ్గరనే. మీరు మైత్రీవనంల పిలిస్తే ఎస్.ఆర్. నగర్‌ల హాస్టల్ పిల్లలు పలుకుతరు."

అది అబద్ధం కాదు. అయినా అనుమానం నన్ను వదల్లేదు. ఆ రోజు చీర రంగు అడిగినప్పుడే ఈ మనిషి నా గొంతు మీద కన్నేశాడేమో! గొంతులో కాయలు ఒక్కరోజులో కాయవు కదా.

"ఏమని అరవాలి?"

"మనిషినే అని."

"అంతేనా?"

హనుమాండ్లు కలం ఆపాడు. నన్ను చూశాడు, నా గరిటెను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. తర్వాత వంగి చాలాసేపు రాశాడు. కూడబలుక్కుని చదివాను.

"అంతే అక్కా. ఇంకేం కలపొద్దు. వాళ్ల అమ్మలను యాది చెయ్యొద్దు. వాళ్ల తాతలు సుత వద్దు. మనిషినే అని ఆపాలె."

"ఆపలేకపోతే?"

ఆయన తల గోక్కున్నాడు, తెగిన చెవి తడుముకున్నాడు, కింద ఇంకో లైను చేర్చాడు.

"ఆపలేకపోతే ఇరవై అడుగుల దూరం నుంచి తిట్టాలె. ముందు నమస్తే చెప్పాలె. పసుపు చీరనే కట్టుకోవాలె."